లోహియా ఆ మాట ఎప్పుడన్నారు?

సెప్టెంబరు 17 చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ పుట్టినరోజు. దుబాయ్ సత్వాలో నలుగురు హైదరాబాదీలు చాయ్ దగ్గర కూడి ఆయన పేరెత్తితే, ‘ఇక్కడ దుబాయ్‌లోనే పోయారు కదా’ అనే మాట వినిపిస్తుంది. ‘కోర్టు దేశం నుంచి వెళ్లగొట్టింది’ అన్న మాటా వస్తుంది. రెండూ తప్పే. మనవాడని చెప్పుకునే మనిషి కథను సరిచూసి చెప్పుకోవాలి.

యెమెన్ మూలాలున్న సులేమానీ బోహ్రా కుటుంబం ఆయనది. 1915లో పండరీపురంలో పుట్టి, పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, ఇందోర్‌లో పెరిగారు. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీశారు. 1947లో చిత్రకారుడు సూజా తదితరుల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరారు.

నా మనసంతా మాత్రం హైదరాబాద్ ఘట్టం మీదే. టాటా బిర్లాల డ్రాయింగు రూముల్లో వేలాడే బొమ్మలు చాలు, జనం కథ రామాయణం గీయండి అన్నారట సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా. ‘కల్పన’ హిందీ పత్రిక నడిపిన సోషలిస్టు బద్రీవిశాల్ పిత్తి హైదరాబాద్‌లో అండగా నిలిచారు. హుస్సేన్ వాల్మీకినీ తులసీదాసునూ చదివారు, కాశీ పండితులను పిలిపించుకుని సందేహాలు తీర్చుకున్నారు. ఎనిమిదేళ్లలో 150 దాకా కాన్వాసులు గీశానని ఆయనే చెప్పారు. వాటిలో కొన్నింటిని ఎడ్లబండి మీద నగరం దగ్గరి పల్లెకు తీసుకెళ్లి పరిచి చూపితే, ఇదేమిటని ఒక్కరూ అడగలేదట.

అయితే లోహియా ఆ మాటన్నది 1968లో అని హుస్సేన్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. చాలా వ్యాసాలు దాన్నే ఎత్తి రాశాయి. కానీ లోహియా 1967 అక్టోబరు 12నే కన్నుమూశారు. గీయడం మొదలైంది 1968లో కావచ్చుగానీ, ఆ మాట అంతకుముందుదే అయ్యుండాలి. అంటే లోహియా పోయాక కూడా ఆయన మాటను హుస్సేన్ ఏళ్ల తరబడి మోశారన్నమాట. తేదీ సరిచేస్తే ఈ కథ ఇంకా గొప్పదవుతుంది.

ఆ తర్వాతి కథ నానా దారులు పట్టింది. తన బొమ్మల మీద కేసులు, బెదిరింపుల మధ్య 2006లో ఆయనే దేశం విడిచారు. దుబాయ్, లండన్ మకాములయ్యాయి. ఢిల్లీ హైకోర్టు 2008 మే 8న ఆయన మీది కేసులను కొట్టేసింది. 2010లో కతార్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు, అక్కడికి దగ్గర్లోని బ్రూక్‌వుడ్‌లో ఖననం చేశారు. 2025లో దోహాలో ఆయన పేరిట మ్యూజియం కూడా వెలిసింది.

హైదరాబాద్ మాత్రం తన వంతు లెక్క ఇంకా రాసుకోలేదు. ‘కల్పన’ పాత సంచికలు, రామాయణం కాన్వాసుల మీది తేదీలు పక్కపక్కన పెట్టి చూడగల పరిశోధకులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఆ పని వాళ్లు చేపట్టాలి.