జ్ఞా ఎక్కడుండాలి, కెర్నెల్లోనా బయటా?

2018 ఫిబ్రవరిలో నేను అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నా. ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోన్ కుప్పకూలుతోందని వార్త. మన జ్ఞా అక్షరమే, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూర్చి. మా బ్యాచ్‌లో ఎవడి దగ్గరా ఐఫోన్ లేదు కాబట్టి ప్రయోగం చెయ్యలేకపోయాం :) అందరూ "తెలుగు బగ్" అన్నారు గానీ, బెంగాలీ, దేవనాగరిలో ఇలాంటి కూర్పులే కొన్ని అదే పని చేశాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిచేసింది.

నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. అసలు పడిపోయింది ఏది? అక్షరాల్ని పేర్చే కోర్‌టెక్స్ట్ లైబ్రరీ వాడుకునే యాప్. నోటిఫికేషన్లో వస్తే, హోమ్ స్క్రీన్ నడిపే స్ప్రింగ్‌బోర్డ్. రెండూ యూజర్ స్పేస్‌లోవే. అవి పడుతూ లేస్తూ ఉన్నాయి, కింద కెర్నెల్ మాత్రం నిలబడే ఉంది.

అదే పని కెర్నెల్లో ఉండుంటే? ఊహించక్కర్లేదు, చరిత్రలో జరిగింది. డేవ్ కట్లర్ బృందం 1993లో తెచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1లో, బొమ్మలూ అక్షరాలూ గీసే జీడీఐ ఒక మామూలు ప్రోసెస్‌లో ఉండేది. గీత గియ్యాలంటే ప్రోసెస్ దాటి వెళ్ళాలి, అదేమో నెమ్మది. 1996లో ఎన్‌టీ 4.0కి దాన్ని తీసుకెళ్ళి కెర్నెల్లో పెట్టేశారు. వేగం పెరిగింది. ఫాంట్ ఫైలు చదివే కోడ్ కూడా దాంతోపాటే లోపలికెళ్ళింది. పదిహేనేళ్ళ తర్వాత, 2011లో, బుడాపెస్ట్‌లోని క్రైసిస్ ల్యాబ్ వాళ్ళు డుకు అనే మాల్వేర్‌ని బయటపెట్టారు. వర్డ్ డాక్యుమెంట్‌లో ఒక దొంగ ట్రూటైప్ ఫాంట్.. తెరిస్తే చాలు, కెర్నెల్ వాళ్ళ చేతిలో! ఆ ఫాంట్ పని మళ్ళీ బయటికి, ఒక శాండ్‌బాక్స్‌లోకి పోయింది విండోస్ 10లో. అంటే దాదాపు ఇరవై ఏళ్ళు.

మన అదృష్టం కొద్దీ, వత్తులూ గుణింతాలూ పేర్చే యూనిస్క్రైబ్ మాత్రం మొదట్నుంచీ బయటే ఉంది. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ రావడం, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెట్టి సీడీ కోసం వెతుక్కోవడం సీనియర్లకి గుర్తుండే ఉంటుంది.

లినక్స్ వాళ్ళూ ఈ ముచ్చట తీర్చుకున్నారు. 2001 నాటి 2.4 కెర్నెల్లో కేహెచ్‌టీటీపీడీ అని ఏకంగా వెబ్ సర్వరే ఉండేది. 2003లో 2.6 వచ్చేసరికి తీసేశారు. దాని బదులు ఈపోల్ లాంటిది వచ్చింది, ఏ సర్వరైనా వాడుకోవచ్చు.

మా సీమ చెరువుల కింద నీరుగంటి అని ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో వంతులేసి వదలడం అతని పని. మీ మడిలో కలుపు తియ్యడం కాదు. ఆ లెక్కన కెర్నెల్ నీరుగంటే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ "అది అప్లికేషన్ సంగతి" అనే మాట దగ్గర నాకో పేచీ ఉంది. లినక్స్ కెర్నెల్ సోర్సులోనే 8x16 పిక్సెళ్ళ ఫాంట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో. దాన్నెవరూ అప్లికేషన్ ఫీచర్ అనరు. మనం తెలుగు అడిగితే అంటారు! కన్సోల్ ఫాంట్‌కి పరిమితి 512 బొమ్మలు. మన ముప్ఫై ఆరు హల్లులకి గుణింతాలు రాస్తేనే అయిదొందలు దగ్గరపడతాయి, వత్తులు ఇంకా మొదలే పెట్టలేదు.

అలాగని మన అక్షరాల్ని లోపలికి తోయమని నేననను, జ్ఞా సంగతి చూశాం కదా. కెర్నెల్ చచ్చిపోయేటప్పుడు ఆఖరి మాట చెప్పడానికి ఓ చిన్న ఫాంట్ కావాలి, ఒప్పుకుంటా. మిగతా కన్సోల్ మొత్తం బయటికే రావాలి, ఇంగ్లీషుతో సహా. కేఎంఎస్‌కాన్ అనే ప్రాజెక్టు ఆ దారే పట్టింది: కన్సోల్‌ని యూజర్ స్పేస్‌కి తెచ్చి, అక్షరాల పని పాంగోకి అప్పజెప్పే వీలు పెట్టింది.

నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంకా పాత కన్సోలే. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి, ఊరి ఫోటోలు దాచుకున్న "అనంతపురం" ఫోల్డర్‌ని చూస్తే, వరసగా డబ్బాలు.