పలికే చెవి

వినికిడి తగ్గిన పెద్దవారు తరచూ అనే మాట ఒకటుంది: "మాట వినబడుతోంది, ఏమంటున్నారో మాత్రం తెలియడం లేదు." శ్రవణ యంత్రం పెట్టుకున్నా, నలుగురు కలిసి మాట్లాడుకునే చోట ఈ ఇబ్బంది పూర్తిగా తీరదు. ఎందుకు తీరదో తెలియాలంటే చెవి గురించిన శాస్త్రం నడిచిన దారి చూడాలి.

బుడాపెస్ట్‌లో టెలిఫోన్ ఇంజనీరుగా పనిచేసిన గియోర్గ్ వాన్ బెకెషి, మృతదేహాల నుంచి సేకరించిన కాక్లియాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. ధ్వని అక్కడి పొర మీద అలగా సాగుతుందనీ, హెచ్చు శ్రుతులకు మొదట్లో, తగ్గు శ్రుతులకు చివర్లో ఆ అల శిఖరాన్ని అందుకుంటుందనీ చూపాడు. 1961లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆయన చూసిన అల మరీ విశాలమైనది. దగ్గరదగ్గర శ్రుతులను మనిషి విడదీసి వినగలిగే నేర్పును అది వివరించలేకపోయింది.

కాక్లియాలో శక్తిని ఖర్చుచేసి ధ్వనిని పెంచే ఏర్పాటు ఉండాలనీ, అలాగైతే చెవి తానే శబ్దం చేయవచ్చుననీ థామస్ గోల్డ్ 1948లోనే ప్రతిపాదించాడు. ఆ మాటను పట్టించుకున్నవారు అరుదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1978లో, డేవిడ్ కెంప్ చెవి నుంచి వెలువడే ఆ శబ్దాన్ని మైక్రోఫోనుతో పట్టుకున్నాడు. నేడు నవజాత శిశువుల వినికిడి పరీక్షకు అదే ఆధారం. బాహ్య రోమకణాలు విద్యుత్తుకు స్పందించి తమ పొడవు మార్చుకుంటాయని 1985లో విలియం బ్రౌనెల్ బృందం వెల్లడించింది.

ఒక్కో చెవిలో సుమారు 12,000 ఉండే ఈ కణాలు మెల్లని ధ్వనులను పెంచుతాయి, శ్రుతులను పదునుగా వేరుచేస్తాయి. ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. ధ్వనిని పెంచే యంత్రం పోయిన బిగ్గరదనాన్ని తెచ్చి ఇస్తుంది కానీ పోయిన పదునును ఇవ్వలేదు.

సజీవమైన చెవి తీరును అనుకరించే గణిత నమూనాలు ఉన్నా వాటి లెక్కలు నెమ్మదిగా సాగుతాయి. శ్రవణ యంత్రానికి ఉన్న వ్యవధి కొన్ని మిల్లీసెకన్లే. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో సారా వెర్‌హుల్స్ట్ బృందం అటువంటి నమూనా ఫలితాలతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, అదే పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయించి 2021లో ప్రచురించింది. దానితో కొత్త దారి తెరుచుకుంది. ఆరోగ్యవంతమైన చెవి స్పందనకూ దెబ్బతిన్న చెవి స్పందనకూ మధ్య తేడా తగ్గేటట్టు, ధ్వనిని ముందుగానే మలిచే మరో నెట్‌వర్క్‌ను తయారుచేయవచ్చు.

అయితే శిష్యుడికి వచ్చేది గురువుకు తెలిసినంతే. పెద్ద శబ్దానికి గురైన ఎలుకల్లో, వినికిడి పరీక్ష ఫలితాలు మామూలు స్థితికి వచ్చిన తర్వాత కూడా, రోమకణాలకూ నాడికీ మధ్య సంధానాలు శాశ్వతంగా తెగిపోయి ఉంటాయని 2009లో కుజావా, లిబర్‌మన్ చూపారు. పరీక్షకు అందని ఇటువంటి నష్టాన్ని ప్రతి రోగిలోనూ విడిగా కొలవగలిగితేనే ఆ నమూనా ఆ రోగి చెవికి సరిపోతుంది. జీవం లేని చెవి చెప్పలేని సంగతిని గ్రహించడానికి శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. నెట్‌వర్క్‌కు పాఠం చెప్పేటప్పుడు ఆ అనుభవం గుర్తుండాలి.