దఫ్తరం తెరిచే తీరు

సీ భాషలో ఫైలు తెరిచే ‘ఎఫ్‌ఓపెన్’కు రెండు సంగతులు చెప్పాలి: ఫైలు పేరు, దాన్ని ఎందుకు తెరుస్తున్నామన్నది. ‘ఆర్’ అంటే చదవడానికే. ‘ఏ’ అంటే ఉన్నది ఉండగానే చివర చేర్చడానికి. ‘డబ్ల్యూ’ అంటే రాయడానికి. ఆ పేరుతో ఫైలు లేకపోతే కొత్తది పుడుతుంది, ఉంటే అందులోని రాతంతా తెరిచిన క్షణానే పోతుంది. దీనికి అడ్డుకట్టగా 2011 నాటి ప్రమాణంలో ‘ఎక్స్’ చేరింది: దాన్ని ‘డబ్ల్యూ’ పక్కన పెడితే, ఫైలు ముందే ఉన్నప్పుడు తెరుచుకోదు. ఇదంతా యంత్రం గొడవలా కనిపిస్తుంది. కానీ రికార్డు తెరిచేవాడికి ఎంత హక్కు ఇవ్వాలన్న ప్రశ్న తెలంగాణ పల్లెకు కంప్యూటర్ కన్నా పాతది.

నిజాం కాలంలో ఊరి భూమి లెక్క పట్వారీ దఫ్తరంలో ఉండేది. పహాణీ ఏటా కొత్తగా రాసేవారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పంట అందులో ఎక్కేవి. నిరుటిది చెరపకుండా ఈ ఏటిది పక్కన చేరుతుంది గనుక పద్ధతి ప్రకారం అది ‘ఏ’ కిందికే వస్తుంది. అయితే కలం ఒక్కరి చేతిలోనే ఉండేది. దున్నేవాడికి చదివి చూసుకునే దారి కూడా దొరకలేదు. అందుకే తెలంగాణ సాయుధ పోరాటంలో అనభేరి ప్రభాకర్‌రావు దళం ఊళ్లలో ఆ దఫ్తరాలకు నిప్పు పెట్టింది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్‌లో ఆయన, సహచరులు నేలకొరిగారు. రికార్డును కాల్చడమంటే సాక్ష్యాన్ని కాల్చుకోవడమే కదా అనవచ్చు. నిజమే, ఆ మంటలో పేదకు పనికొచ్చే రాత కూడా ఉండి ఉంటుంది. కానీ తన పేరు చేర్చుకునే దారి మూసుకుపోయినవాడికి తుడిచేయడం ఒక్కటే మిగిలింది. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు సాగులో ఉన్నవారి పేరూ ఎక్కింది. నేటికీ భూ తగాదాల్లో ఆ నకలు కోసం వెతకడానికి కారణం అదే.

2020 అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది, 2025 దాకా నడిచింది. పాత పహాణీలోని అనుభవదారు కాలమ్, అంటే సాగులో ఉన్నవారి పేరు రాసే గడి, అందులో ఉండేది కాదు. పాత ప్రతులు భద్రంగానే ఉన్నాయి కదా, నష్టమేమిటని అడగవచ్చు. ప్రతి ఎక్కడో ఉండటం వేరు, రైతు చేతికందే నకలులో కనిపించడం వేరు. నిప్పు పెట్టేదాకా పట్వారీ దఫ్తరం కూడా భద్రంగానే ఉంది, దున్నేవాడికి అందలేదంతే. భూమి లెక్క రాసే ఫైలును ‘ఏ’తోనే తెరవాలి, ‘ఆర్’ హక్కు ఊరందరికీ ఉండాలి. కొత్త పేరు చేరినా పాత పేరు దాని పైవరుసలో చదవగలిగేలా ఉండాలి.