గర్భవిచ్ఛిత్తి చట్టాలు: తెలుగునాటి చరిత్ర

1856లో కుంపిణీ ప్రభుత్వం హిందూ వితంతువు మళ్ళీ వివాహం చేసుకొనవచ్చునని చట్టం చేసింది. నాలుగేండ్లకు, 1860లో, భారత శిక్షాస్మృతి తయారైంది. 1862 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. పైకి చూస్తే ఈ రెండు చట్టాలకు పొత్తు లేదు. కాని తెలుగుదేశంలో ఎందరో స్త్రీల బ్రతుకులు ఈ రెండింటి నడుమ నలిగినవి. మొదటి చట్టం ఇచ్చిన అనుమతిని సంఘం వాడుకోనీయలేదు. రెండవ చట్టం విధించిన శిక్ష మాత్రం తప్పలేదు.

శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ చెప్పేదేమిటో చూద్దాం. గర్భిణికి బుద్ధిపూర్వకంగా గర్భస్రావం కలిగించినవారికి మూడేండ్ల వరకు ఖైదు. కడుపులో శిశువు కదలికలు తెలిసే దశ దాటితే ఏడేండ్ల వరకు. తల్లి ప్రాణం కాపాడడానికి సదుద్దేశంతో చేసినప్పుడు తప్ప వేరే మినహాయింపు లేదు. సెక్షన్ అడుగున ఒక చిన్న వివరణ కలదు: తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. అనగా మంత్రసానితోపాటు ఆమెను ఆశ్రయించిన ఆడది కూడా ముద్దాయే. గర్భానికి కారకుడైన పురుషుని ప్రస్తావన ఇందులో ఎక్కడా కానరాదు.

ఆ కాలంలో ఈ సెక్షన్‌కు మొదట చిక్కేది బాలవితంతువు. పదేండ్లకే భర్త చనిపోయిన పిల్ల, పుట్టింటనో అత్తింటనో చాకిరీ చేస్తూ, ఇంటి మగవారి చేతనే గర్భవతి అయితే ఆమెకు దారులు మూడే: ఇల్లు విడిచిపోవడం, నుయ్యి చూసుకోవడం, రహస్యంగా కడుపు తీయించుకోవడం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1879లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహాలను సమర్థిస్తూ ఉపన్యసించినప్పుడు, 1881 డిసెంబరు 11న అక్కడనే మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయన కళ్ళముందు ఈ భ్రూణహత్యలు, శిశుహత్యలు ఉన్నవి. ఆయన పోరాటం ఆచారంతో. ఆచారానికి శిక్షాస్మృతి ఎట్లు తోడుపడిందన్న ప్రశ్న తరువాతి తరాలకు మిగిలింది.

ఇక్కడ కొంచెం శరీరశాస్త్రం అవసరం. గ్రామాలలో ఈ పనికి జిల్లేడు పుల్లను, ఎర్రచిత్రమూలం వేరును వాడేవారని న్యాయవైద్య గ్రంథాలలో ఉన్నది. జిల్లేడు పాలు మెత్తని కణజాలాన్ని దహిస్తవి. ఎర్రచిత్రమూలంలోని ప్లంబాజిన్ అనే పదార్థం తగిలినచోట బొబ్బలు లేస్తవి. అయితే చాలమందిని చంపినది ఈ విషాలు కావు. గర్భాశయ ముఖం సాధారణంగా మూసుకొని ఉండి లోపలి భాగాన్ని కాపాడుతుంది. మట్టి అంటిన పుల్ల ఆ కాపుదలను ఛేదించి ధనుర్వాతం మొదలైన సూక్ష్మజీవులను లోనికి చేరుస్తుంది. లోపల మిగిలిపోయిన కణజాలానికి రక్తప్రసరణ లేదు, ఆక్సిజన్ లేదు. ఆ జీవులు పెరగడానికి అంతకంటె అనువైన చోటు ఉండదు. అక్కడినుండి విషం రక్తంలోకి, రక్తంనుండి మూత్రపిండాలకు. జ్వరం వచ్చిన మొదటి రోజుననే ఆసుపత్రికి పోతే బ్రతుకవచ్చు. కాని ఆసుపత్రిలో మొదటి ప్రశ్న ‘ఎవరు చేసినారు?’ అన్నది. ఆ ప్రశ్నకు భయపడి ఆమె రెండు మూడు రోజులు ఇంట్లోనే పడి ఉంటుంది. చట్టం చంపేది ఆ రెండు మూడు రోజులలో.

చేతులు కడుగుకొంటే బాలింత జ్వరం తగ్గిపోతుందని సెమ్మెల్‌వైస్ వియన్నాలో గమనించినది 1847లో. లిస్టర్ క్రిమిరహిత శస్త్రచికిత్సను ప్రకటించినది 1867లో. వైద్యం శుభ్రతను నేర్చుకొంటున్న ఆ రోజులలోనే మన చట్టం శుభ్రమైన చేతులను ఈ పనికి దూరం చేసింది.

మా నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం ప్రాంతాలు అప్పుడు నిజాం రాజ్యంలోనివి. ఆ రాజ్యానికి వేరే శిక్షాస్మృతి ఉండేది. 1951 ఏప్రిల్ 1 నుండి భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికీ వర్తించింది. స్వతంత్ర భారతంలో భాగమైన గ్రామాలకు 312వ సెక్షన్ ఇట్లు చేరింది.

చట్టాన్ని సడలించవలెనా అని పరిశీలించడానికి ప్రభుత్వం 1964లో మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. దేశంలో యేటా 65 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నవని, అందులో 39 లక్షలు బుద్ధిపూర్వకంగా చేయించుకొన్నవని ఆ సంఘం అంచనా వేసింది. ఇది అంచనాయే, రహస్యంగా జరిగేదానిని లెక్కించడం ఎవరి తరమూ కాదు. అయినా నూరేండ్లు అమలైన శిక్ష ఈ పనిని మాన్పించలేకపోయిందని మాత్రం దీనివల్ల తేలింది.

సంఘం నివేదిక 1966 డిసెంబరులో వచ్చింది. అదే యేడు అక్టోబరులో రుమేనియా సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది. జనాభా పెంచవలెనని చౌషెస్కు ప్రభుత్వం 770వ శాసనంతో గర్భవిచ్ఛిత్తిని దాదాపుగా నిషేధించింది. ప్రయోగశాలలో మనం చేయలేని, చేయకూడని ప్రయోగం ఇది. ఫలితం ఏమైంది? 1967లో జననాల రేటు ఇంచుమించు రెట్టింపైంది. స్త్రీలు రహస్య మార్గాలు వెదుక్కొన్న కొద్దీ అది మళ్ళీ దిగిపోయింది. దిగనిది తల్లుల మరణాల రేటు. అది పెరుగుతూనే పోయింది. ఆ 23 యేండ్లలో సుమారు పదివేలమంది స్త్రీలు మరణించినారని అంచనా. 1989 డిసెంబరులో ప్రభుత్వం కూలగానే శాసనం రద్దయింది. మరుసటి యేడే తల్లుల మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క యేడులో ఆసుపత్రులు మారవు, ఆహారం మారదు; మారినది చట్టం ఒక్కటే.

మనదేశంలో సడలింపును గట్టిగా కోరినవారిలో 1967లో కేంద్ర ఆరోగ్యమంత్రి అయిన శ్రీపతి చంద్రశేఖర్ ఒకరు. ఆయన జనాభా శాస్త్రవేత్త. 1918లో జన్మించినది, విశేషమేమంటే, రాజమహేంద్రవరంలోనే. బిల్లు 1969లో రాజ్యసభకు వచ్చి, 1971 ఆగస్టులో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైంది. 12 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, 20 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం చాలునన్నారు. ఇది గొప్ప మేలు, సందేహం లేదు. కాని నిర్ణయం వైద్యునిది. స్త్రీ కోరిక ఒక్కటే చాలదు. కుటుంబ నియంత్రణ సాధనం విఫలమైందన్న కారణం వివాహితకు మాత్రమే వర్తించింది. జనాభా తగ్గించుకోవలెనన్న ఆలోచన ఆనాడు బలంగా ఉన్నది. స్త్రీకి హక్కు ఇవ్వవలెనన్నది అంత బలమైనది కాదని నా అభిప్రాయం.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయం ఒకటి. పద్దెనిమిదేండ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని చట్టం 1971 నుండీ చెప్తున్నది. భర్త సంతకం కావలెనని చట్టంలో ఎక్కడా లేదు. అడిగే ఆసుపత్రులు మాత్రం ఉన్నవి. అట్లే, 1994 నాటి చట్టం నిషేధించినది గర్భస్థ శిశువు ఆడా మగా అని పరీక్షించడాన్ని. దానిని గర్భవిచ్ఛిత్తి నిషేధంగా పొరబడి స్త్రీలను తిప్పి పంపడం అన్యాయం.

2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితకూ ఆ హక్కు సమానమేనన్నది. ఆ గడువు దాటితే, పిండంలో తీవ్రమైన లోపం ఉన్నప్పుడు వైద్యమండలి అనుమతిస్తుంది. అత్యాచారానికి గురైన బాలిక మాత్రం న్యాయస్థానం మెట్లెక్కవలెను. 2021 అక్టోబరులో 16 యేండ్ల బాలిక విషయంలో తెలంగాణ హైకోర్టు 26 వారాల గర్భాన్ని తొలగించడానికి అనుమతించింది. భయంతో, సిగ్గుతో నెలల తరబడి నోరు విప్పని పిల్లకు వారాల లెక్క ఎంత కఠినమో ఆలోచించండి. ఆలస్యమైన కొద్దీ శస్త్రచికిత్సలో ప్రమాదమూ పెరుగుతుంది.

అయితే చట్టం అనుమతిస్తే సరిపోతుందా? చట్టం ఏనాడూ నిషేధించని చికిత్సలో ఏమి జరిగిందో చూడండి. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రి శిబిరంలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసినారు. కొద్దిరోజులలోనే నలుగురు మరణించినారు. అంటుసోకడమే కారణమన్నారు. జిల్లేడు పుల్ల నాటి శత్రువే ఇది. కుటుంబ భారాన్ని తగ్గించే పని భర్తకు సులభమైన చిన్న చికిత్సతో జరిగేదైనా, బల్ల ఎక్కినది భార్యయే.

2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 312వ సెక్షన్ ఇప్పుడు 88వ సెక్షన్. 1971 చట్టం పరిధికి వెలుపల జరిగిన గర్భవిచ్ఛిత్తి నేటికీ దాని కింద నేరమే. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీని గురించిన ఆ చిన్న వివరణ కూడా అక్కడనే, అడుగున, ఉన్నది.