రెండు నదులు, ఒకే యుద్ధం: చందుర్తి, క్వెబెక్ పోరాటాలపై ఒక పరిశీలన

గోదావరి పాపికొండలను వదిలి పోలవరం దగ్గర మైదానంలోకి దిగుతుంది. ఇక్కడి చరిత్ర రాసినవాళ్లు ఈ నదిని ఆనకట్టతోనో పుష్కరాలతోనో ముడిపెట్టారు కానీ, సెయింట్ లారెన్స్ నదితో ముడిపెట్టినవాళ్లు అరుదు. ఆ నది కెనడాలోది. 1758, 1760 సంవత్సరాల మధ్య ఈ రెండు నదుల ఒడ్డునా ఒకే యుద్ధం నడిచింది. యూరప్ చరిత్రకారులు దానికి సప్తవర్ష సంగ్రామం అని పేరుపెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో దాని తెలుగునాటి అధ్యాయం ‘చందుర్తి యుద్ధం’గా రెండు వాక్యాల్లో ముగుస్తుంది, అదీ బొబ్బిలి యుద్ధానికి తోకలాగా. చందుర్తిని విజయనగరం రాజుల పగకు కొనసాగింపుగా చదివితే సగమే అర్థమవుతుందని నా వాదన. మిగతా సగం అట్లాంటిక్ అవతల ఉంది.

ముందు సంగతులు. 1753లో దక్కను సుబేదారు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ఆ వెంటనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడు. తరవాత గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీ తీరు నచ్చలేదు. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించి, అతని స్థానంలో కాన్‌ఫ్లాన్‌ను పంపాడు. సందు దొరికిన ఆనందరాజు విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును సుమారు 500 మంది తెల్లసిపాయిలతో, 2,000 మంది దేశీయ సిపాయిలతో ఓడలెక్కించాడు.

ఈ దేశీయ సిపాయిల దగ్గర కాసేపు ఆగాలి. బెంగాలులో కంపెనీ సిపాయిలను అప్పట్లో ‘తెలంగాలు’ అనేవారు. మొదట మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్ల వల్ల వచ్చిన పేరది. తరవాత ఏ ఊరివాడు చేరినా ఆ పేరే అంటుకుంది. మన జాతి పేరు వృత్తి పేరుగా మారి, ఎర్రకోటు తొడుక్కుని, మన ఊళ్ల మీదికే తిరిగి వచ్చిందన్నమాట. ఫోర్డు, కాన్‌ఫ్లాన్ సేనలు తలపడిన చందుర్తిలో గెలుపోటములు తేల్చింది ఆ ఎర్రకోటే. యూరోపియన్ పటాలం ఎత్తుగా ఎదిగిన చేను వెనక కనబడకుండా ఉంది. ఎర్రకోట్ల సిపాయిలను చూసి వాళ్లే తెల్లదండనుకుని ఫ్రెంచి సేన వాళ్ల మీద పడింది. చేను చాటునుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చేసరికి ఫ్రెంచి వరస చెదిరింది. ఆనాటి ఇంగ్లీషు వృత్తాంతం ఆ పైరును ‘ఇండియన్ కార్న్’ అంది. అమెరికాలో ఆ మాటకు మొక్కజొన్న అని అర్థం. మన మెట్టభూముల్లో ఆ రోజుల్లో మనిషిని దాచేంత ఎత్తు పెరిగేది జొన్న కాబట్టి, నేను జొన్నచేననే చదువుతాను.

ఇది 1758 డిసెంబరు మాట. నవంబరు 25న అమెరికాలో ఫోర్బ్స్ అనే సేనాని ఒహాయో నది మొదట్లో ఉన్న ఫ్రెంచి కోట డ్యూకేన్‌ను స్వాధీనం చేసుకున్నాడు. అతని వెంట ఉన్న వర్జీనియా కర్నల్ పేరు జార్జి వాషింగ్టన్. ఆ కోట పడి పదిహేను రోజులు తిరక్కుండానే ఇక్కడ చందుర్తి ముగిసింది. ఎవరికీ ఎవరి కబురూ అందే వీలు లేదు. లండన్, పారిస్ పోటీ రెండు చోట్లా ఒకేసారి నడుస్తోంది, అంతే.

గెలిచిన ఫోర్డు రాజమహేంద్రవరం పట్టుకున్నాడు. తరవాత సుమారు నెలన్నర గోదావరి దాటి ముందుకు పోలేకపోయాడు. కారణం శత్రువు కాదు, రొక్కం. సేన ఖర్చు భరిస్తానన్న ఆనందరాజు సొమ్ము తీయలేదు. చివరికి కొత్త ఒప్పందం కుదిరింది. రాజు ఇచ్చేది అప్పు కింద, గోదావరికి దక్షిణాన వచ్చే శిస్తు చెరిసగం. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న మచిలీపట్నం కోట ముందు జీతాల్లేక తెల్లసిపాయిలే తిరగబడితే, కోటలో దొరికే సొత్తులో వాటా ఆశచూపి నిలబెట్టాల్సి వచ్చింది. బెజవాడ వైపు నుంచి ఫ్రెంచివాళ్లకు సాయంగా సలాబత్ జంగ్ పెద్ద దండుతో వస్తున్నాడు. ఫోర్డుకు వెనక్కి తగ్గే దారి లేదు. 1759 ఏప్రిల్ 7 రాత్రి పాటుపోటులో బురద తొక్కుకుంటూ కోట ఎక్కించాడు. లోపల పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువ. వారం తరవాత ఫ్రెంచి సాయం మోసుకుని ఓడలు రేవు ముందుకొచ్చాయి. కోట మీద జెండా మారిపోయి ఉంది.

ఈ వారం తేడాను క్వెబెక్ పక్కన పెట్టి చూడండి. 1759 సెప్టెంబరు 13న ఏబ్రహాం మైదానంలో ఇంగ్లీషు సేనాని వుల్ఫ్ గెలిచి చనిపోయాడు, ఓడిన ఫ్రెంచి సేనాని మోంకాం మర్నాడు పోయాడు. కథ అక్కడితో ముగిసిందనుకుంటాం. కానీ 1760 ఏప్రిల్ 28న ఫ్రెంచి సేనాని లెవీ, సెంత్-ఫోయ్ దగ్గర ఇంగ్లీషువాళ్లను ఓడించి క్వెబెక్‌ను ముట్టడించాడు. మంచు కరిగిన నదిలోకి ముందు ఏ తెరచాప వస్తుందా అని రెండు పక్షాలూ కళ్లప్పగించి చూశాయి. మే నెలలో వచ్చింది ఇంగ్లీషు ఓడ. లెవీ ముట్టడి ఎత్తేశాడు. అంతకు ఆరు నెలల ముందే కిబెరాన్ అఖాతంలో ఫ్రెంచి నౌకాదళం చితికిపోయింది. ఆ నౌకాదళాధిపతి ఇంటిపేరు కూడా కాన్‌ఫ్లానే. చందుర్తిలో ఓడిన మనిషీ అతనూ వేరు. ఒకే యుద్ధంలో ఆ పేరు రెండుసార్లు ఓడిపోవడం చరిత్ర చమత్కారం.

కాబట్టి సేనాపతుల ప్రతిభ మీద మనకున్న మోజు కొంచెం తగ్గించుకోవాలి. వుల్ఫ్ వెనక పిట్ మంత్రి తెరిచిన ఖజానా, నౌకాధిపతి సాండర్స్ ఓడలు ఉన్నాయి. ఫోర్డు వెనక ఏమీ లేదు. ఒక్క రాజు మాట, ఆలస్యంగా వచ్చిన శత్రువు ఓడ. నైపుణ్యం లెక్క తీస్తే ఇద్దరిలో ఫోర్డే మెరుగని నా అభిప్రాయం. అయినా వుల్ఫ్ మరణాన్ని బెంజమిన్ వెస్ట్ బొమ్మగా గీశాడు. ఫోర్డు సేనాధిపత్యాన్ని కంపెనీ డైరెక్టర్లు ఖాయం చేయలేదు. 1769లో ఇండియాకు తిరిగి బయల్దేరిన అతని ఓడ ‘అరోరా’ జాడ లేకుండా పోయింది.

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి జరిగింది. కెనడాను ఇంగ్లండుకు రాసిచ్చిన ఆ కాగితమే సలాబత్ జంగ్‌ను దక్కను సుబేదారుగా గుర్తించింది. అప్పటికే తమ్ముడు నిజాం అలీ అతన్ని దించి బీదరు కోటలో బంధించాడు. సంధి జరిగిన ఏడే సలాబత్ జంగ్ చనిపోయాడు. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయిన కార్న్‌వాలిస్ అయిదేళ్లకు ఇక్కడ గవర్నర్ జనరల్ అయ్యాడు. అతను బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి గోదావరి జమీందారీలకూ వచ్చింది. అమెరికా పోగొట్టుకున్నవాడి లెక్కల పుస్తకం కింద మన తాతముత్తాతలు శిస్తు కట్టారు.

సంధి రాసినవాళ్లు ఆ నేలల మీది ఆదివాసులను అడగలేదు, అక్కడా ఇక్కడా. అమెరికాలో ఆ ఏడే ఒట్టావా నాయకుడు పాంటియాక్ కోటల మీద తిరగబడ్డాడు. మన కొండల్లో అలాంటి తిరుగుబాటుకు ఇంకా చాలాకాలం పట్టింది. పోలవరం ఎగువన గోదావరి ఒడ్డునున్న కొరుటూరు కొండరెడ్డి కారుకొండ సుబ్బారెడ్డి, 1857 తిరుగుబాటు నాయకుడు నానాసాహెబు సేన వస్తుందన్న నమ్మకంతో లేచాడు. పాంటియాక్ పేరు అమెరికాలో ఊళ్లకు పెట్టారు. సుబ్బారెడ్డిని 1858 అక్టోబరు 7న బుట్టాయగూడెంలో ఉరితీశారు, అతని అనుచరుల్లో ఇద్దరిని పోలవరంలో. సుబ్బారెడ్డి శవాన్ని రాజమహేంద్రవరం కోట దగ్గర ఇనుప పంజరంలో వేలాడదీశారు. జనం దాన్ని ‘సుబ్బారెడ్డి సంచి’ అన్నారు.