కొమ్ము పిలుపు, ఇసుర్రాయి చప్పుడు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. రెండు పాత అచ్చు బొమ్మల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది అమెరికాది. విన్‌స్లో హోమర్ అనే చిత్రకారుడు గీసినది, 1870 జూన్ 11న ‘హార్పర్స్ వీక్లీ’ పత్రికలో వచ్చింది. పల్లెటూరి ఇంటి ముంగిట ఒకామె నిలబడి కొమ్ము ఊదుతూ ఉంటుంది. దూరాన పొలంలో ఉన్న మగవాళ్లకు అది భోజనానికి పిలుపు. అప్పట్లో పత్రికల్లో ఫోటోలు అచ్చువేసే వీలు లేదు. గట్టి కర్రదిమ్మె మీద బొమ్మ గీసి, తెల్లగా ఉండవలసిన చోటల్లా చెక్కేసి, మిగిలిన గీతలకు సిరా పూసి అక్షరాలతో పాటే అచ్చువేసేవారు.

రెండవది కూడా అలాంటి అచ్చే. 1877 అక్టోబరు 20న లండన్‌లోని ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’లో వచ్చింది. బెంగళూరులో కరువు సాయం కోసం కాచుకున్న జనం అందులో ఉన్నారు. అది 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు. మన ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లోనే. దెబ్బ బాగా తగిలిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది సొమ్ముకు తగ్గించాడు. అది ప్రాణం నిలవడానికి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు.

ఈ రెండో బొమ్మలో జనం ఉన్నారు, వాళ్ల వంటిల్లు లేదు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా నేనూ కరువు స్టేట్‌మెంట్లు ఎన్నో రాశాను. వర్షపాతానికి, పంట నష్టానికి, కూలీల సంఖ్యకు కాలమ్‌లు ఉండేవి. పొయ్యి వెలగని ఇళ్లకు కాలమ్ లేదు.

అది మా జేజి నోట విన్నాను. వాళ్ల అమ్మ ఆ కరువు చూసిన మనిషి. తెల్లవారుజామున ఏ ఇంట్లో ఇసుర్రాయి చప్పుడు వినబడకపోతే ఆ ఇంట్లో పస్తు అని ఊరికి తెలిసేదట. కొన్నాళ్లకు ఊరంతా చప్పుడు లేకుండా పోయిందట. అక్కడ కొమ్ము మోగితే అన్నం ఉన్నట్టు. ఇక్కడ రాయి మోగకపోతే లేనట్టు.

మిత్రులారా, మీ ఇంటి పెద్దలు చెప్పిన కరువు మాటలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఊరి పేరుతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాలమ్ మనమే నింపాలి.