మంగు ముఖానికి ఆమ్లమా, లేజరా

మర్రిగూడ చుట్టుపక్కల పత్తిచేన్లకు పోయే ఆడవాళ్లలో చాలామందికి చెంపల మీద మంగు పడుతుంది. మందుల షాపులో ఏదో ట్యూబు కొని రాయడం మామూలే. ఇప్పుడు నల్లగొండలో, హైదరాబాదులో కెమికల్ పీల్, లేజర్ అనే మాటలు వినబడుతున్నాయి. ఏది మేలో తేల్చుకునే ముందు ఒకటి తెలియాలి: ఈ రెండు వైద్యాలూ ఎక్కువగా తెల్లతోలు మీదే పెరిగాయి.

కెమికల్ పీల్ అంటే ఆమ్లంతో చర్మం పై పొరను ఊడదీయడం. అది పాత విద్య. 1882లో హాంబర్గ్ వైద్యుడు పాల్ ఉన్నా సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చర్మం మీద ఎలా పనిచేస్తాయో రాశాడు. 1961లో అమెరికాలో బేకర్, గోర్డన్ ఫినాల్‌కు క్రోటన్ నూనె కలిపి లోతైన ముడతలు పోగొట్టారు. కానీ ఫినాల్ రక్తంలో కలిసి గుండె లయ తప్పించగలదు. నల్లని చర్మం మీదైతే రంగే పోయి తెల్ల మచ్చలు మిగలవచ్చు. మన ముఖాలకు అది పనికిరాని మందు. మనకు అసలు మలుపు 1974లో వచ్చింది. పొలుసుల చర్మవ్యాధికి మందు వెతుకుతూ వాన్ స్కాట్, యూ అనే పరిశోధకులు పండ్ల ఆమ్లాల గుణం బయటపెట్టారు. ఆ కోవకే చెందిన, చెరకులో ఉండే గ్లైకోలిక్, పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లాలు మృతకణాల పట్టు సడలిస్తాయి. తక్కువ గాఢతలో లోతుకు పోవు.

లేజర్ 1960లో పుట్టింది. నాలుగేళ్లకే మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ తయారుచేశాడు. దాని కిరణాన్ని కణాల్లోని నీరు పీల్చుకుని ఆవిరవుతుంది. 1990లలో దానితో ముఖమంతా కాల్చేవారు. వారాల తరబడి ఎర్రటి పచ్చిపుండే. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతి సన్నని చుక్కలుగా కాల్చి, మధ్య చర్మాన్ని వదిలేస్తుంది కాబట్టి త్వరగా మానుతుంది. గుంటలకు, ముడతలకు అది మంచి సాధనమే. మంగుకు మాత్రం భయపడాలి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టిన చర్మ రకాల వర్గీకరణలో, ఆ తర్వాత చేర్చిన ముదురు రంగులతో కలిపి చూస్తే, మనలో ఎక్కువమందిది నాలుగో, అయిదో రకం చర్మం. లేజర్ వేడికి అలాంటి చర్మంలో రంగుకణాలు రెచ్చిపోయి మచ్చ మునుపటికన్నా నల్లబడవచ్చు.

అందుకే మంగుకు ముందు తేలికపాటి ఆమ్లమే నయమంటాను, అదీ చర్మవైద్యుల చేతుల్లో. అంతకుముందు షాపులో కొన్న ఆ ట్యూబు సంగతి తేలాలి, అందులో స్టెరాయిడ్ ఉందేమో చూడాలి. స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి. అలాంటి ముఖం మీద ఆమ్లం పడితే పుండే. ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన బిగించింది.

ఈ వైద్యాల చరిత్ర అంతటా రోగి ఇంటిపట్టున ఉండగలదనే లెక్క. కూలికి పోయే మనిషికి అది కుదరదు. పీల్ అయ్యాక ఎండకు పోతే మచ్చ ముదురుతుంది. పత్తి ఏరడం అయిపోయి ఎండలు ఇంకా ముదరని మాఘమాసంలో, రెండు మూడు వారాలు చేనుకు దూరంగా ఉండగలిగితేనే మొదలుపెట్టాలి. డాక్టరును ముందే అడగండి: నాలాంటి రంగువాళ్లకు ఇంతకుముందు చేశారా, చెవి వెనక కొద్దిగా వేసి చూశాకే ముఖానికి వేస్తారా అని.